పెంఫిస్: సముద్రపు బండల మీది చెట్టు గురించి వరంగల్ మిద్దెతోటల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా మిద్దె మీద వంకాయ, బెండ, తోటకూర డ్రమ్ముల మధ్య ఒక మట్టి కుండీలో జానెడున్నర ఎత్తు మొక్క ఉంది. చూసినవాళ్లంతా ముందు గోరింట అనుకుంటారు. కాదు, ఇది సముద్రం ఒడ్డున రాళ్ల మీద పెరిగే చెట్టు అని చెప్పగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు బోటనీ చెబుతున్నాను కాబట్టి ప్రశ్నలంటే నాకు ఇష్టమే, కానీ ఒకే జవాబు ఫోన్లో పదిమందికి చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మిగతావి వదిలేసినా ఫరవాలేదు, పాత మొద్దులు కొనడం గురించిన ప్రశ్న మాత్రం తప్పకుండా చదవండి.

అసలు ఇదేం చెట్టు? పేరేంటి?

శాస్త్రీయ నామం పెంఫిస్ అసిడ్యులా. తెలుగులో జనం నోట నానిన పేరు లేదు, మొక్కలు అమ్మేవాళ్లు కూడా పెంఫిస్ అనే అంటారు. ఇండోనేషియాలో సంతిగి, ఫిలిప్పీన్స్‌లో బంతిగి, జపాన్ దక్షిణ దీవుల్లో మిజుగంపి, మాల్దీవుల్లో కురెది. యూట్యూబ్‌లో బోన్సాయ్ వీడియోలు చూసేవాళ్లు ఈ పేర్లన్నీ వేర్వేరు చెట్లవి అనుకుని తికమక పడుతుంటారు, అన్నీ ఇదొక్కటే.

ఎక్కువగా పొదలాగానే ఉంటుంది, మనిషి ఎత్తు, రెండు మనుషుల ఎత్తు. గాలి దెబ్బ తగలని చోట అంతకంటే పెద్ద చెట్టు కూడా అవుతుంది. ఆకులు చిన్నవి, సుమారు గోరింటాకంత, కానీ మందంగా ఉంటాయి, వాటి మీద పట్టులాంటి సన్నని నూగు ఉంటుంది, ఎండలో చూస్తే చెట్టంతా బూడిద రంగు కలిసిన పచ్చగా మెరుస్తుంది. ఆరు రేకుల తెల్లటి పువ్వు, రేకులు ఇస్త్రీ చేయని బట్టలా ముడతలు పడి ఉంటాయి.

పేరు పెట్టింది ఫార్‌స్టర్ తండ్రీకొడుకులు. ఇంగ్లండ్ నావికుడు కెప్టెన్ కుక్ రెండో సముద్ర యాత్రలో, అంటే 1772 నుంచి 1775 దాకా, ఓడలో వెళ్లిన ప్రకృతి శాస్త్రవేత్తలు వాళ్లు. పెంఫిస్ అనే పేరు గ్రీకులో బొబ్బ అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది, కాయ ఉబ్బినట్టు ఉంటుంది కాబట్టి. అసిడ్యులా అంటే లాటిన్‌లో కొంచెం పుల్లనిది. ఆకు నమిలితే పులుపు తగులుతుంది.

ఎక్కడ పెరుగుతుంది? మన దేశంలో ఉందా?

ఆఫ్రికా తూర్పు తీరం నుంచి హిందూ మహాసముద్రం దాటి, ఆగ్నేయాసియా మీదుగా పసిఫిక్ దీవుల దాకా ఉంది. ఎక్కడున్నా చోటు మాత్రం ఒకేలాంటిది: సున్నపురాయి బండలు, పాత పగడపు దిబ్బలు, అల విరిగినప్పుడు తుంపర వచ్చి పడేంత దగ్గర.

మన దేశంలో అండమాన్ నికోబార్ దీవుల్లో, లక్షద్వీప్‌లో, తమిళనాడు పక్క మన్నార్ సింధుశాఖలో ఉంది. రామేశ్వరం నుంచి తూత్తుకుడి వైపు 21 చిన్న దీవులు వరసగా ఉండేవి, 1986లో వాటిని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. ఉండేవి అని ఎందుకంటున్నానంటే వాటిలో రెండు ఇప్పటికే నీళ్లలో మునిగిపోయాయి, ఒకప్పుడు సున్నానికీ ఇళ్లకూ పగడపు రాయిని తవ్వుకుపోవడం దానికి పెద్ద కారణం.

మన తెలుగు తీరం చాలా మటుకు ఇసుక, గోదావరి కృష్ణా తెచ్చిపోసిన ఒండ్రు. భీమిలి, విశాఖ దగ్గర రాళ్లున్నా అవి పగడపు రాళ్లు కావు. అందుకే సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన తెలుగువాళ్లకు కూడా ఇది కొత్త చెట్టే, సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన వరంగల్ వాళ్లకు తెలియకపోవడంలో వింతేమీ లేదు.

ఇది నిజంగా అంత అరుదైన చెట్టా?

దీనికి సూటిగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాళ్లు ‘ప్రపంచంలోనే అరుదైనది’ అని రేటు పెంచుతారు. ప్రపంచం మొత్తం లెక్కలో చూస్తే ఇది అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతి కాదు, చాలా పెద్ద విస్తీర్ణంలో ఉంది. కానీ ఏ ఒక్క చోట చూసినా ఉండేది సన్నని గీతలాంటి జాగాలోనే. ముందు సముద్రం, వెనక పెద్ద చెట్లు, మధ్యలో కొన్ని మీటర్ల బండ. ఆ బండ మీద రిసార్టు కట్టినా, జెట్టీ వేసినా, బోన్సాయ్ కోసం తవ్వుకుపోయినా ఆ ఊరి చెట్లు అక్కడితో అయిపోతాయి. సింగపూర్‌లో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంత దగ్గరికి వచ్చి అత్యంత ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాకెక్కింది. ఫిలిప్పీన్స్‌లో బోన్సాయ్ మోజుకు తీరాలకు తీరాలు ఖాళీ అవుతుంటే అడవి నుంచి తీయడాన్ని చట్టంతో నిషేధించారు, అయినా దొంగతనంగా తరలిస్తూ పట్టుబడుతూనే ఉన్నారు.

2004 డిసెంబర్ 26 సునామీ తెచ్చిన భూకంపంలో నికోబార్ దక్షిణ కొస, ఇందిరా పాయింట్ దగ్గర, నేల నాలుగు మీటర్లకు పైగా కిందికి దిగిపోయింది. ఒడ్డు చెట్లకు ఒడ్డే లేకుండా పోవడమంటే అదే. సన్నని గీత మీద బతికే ప్రాణం ఏదైనా ఇలాంటి ఒక్క దెబ్బకు తుడిచిపెట్టుకుపోవచ్చు.

ఉప్పు తుంపర్లలో, మట్టి లేని బండ మీద ఎలా బతుకుతుంది మేడమ్?

మా క్లాసులో పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే, నాకు చెప్పడానికి అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే.

ముందు ఉప్పు వల్ల చెట్టుకు కష్టమేంటో చూడండి. మామిడికాయ ముక్కలకు ఉప్పు కలిపి పెడితే తెల్లారేసరికి ఊట దిగుతుంది కదా, ముక్కలోని నీళ్లను బయటి ఉప్పు లాగేసుకుంటుంది. వేరు చుట్టూ ఉప్పు ఎక్కువైతే మొక్కకూ అంతే, చుట్టూ నీళ్లున్నా తాగలేదు. లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, మన మిద్దె మీది ఏ మొక్కకు పోసినా నాలుగు రోజుల్లో మాడిపోతుంది.

పెంఫిస్ ఆకు చిన్నది, మందం, లోపల నీళ్లు దాచుకుంటుంది. పైన నూగు ఉండటం వల్ల గాలి నేరుగా ఆకును తాకి తేమ లాగేయలేదు. వేర్లు బండ పగుళ్లలోకి, పగడపు రాతి గుల్లల్లోకి దూరి వాన నీళ్లు ఎక్కడ చిక్కుకుని ఉంటే అక్కడికి వెళ్తాయి. మన పద్మాక్షి గుట్ట మీద రాతి సందులో రావి మొలిచి నిలబడటం చూశారు కదా, అదే మొండితనం, కాకపోతే దీనికి మీద ఉప్పు వాన కూడా పడుతుంది.

సముద్రం వైపున్న లేత చిగుళ్లు ఉప్పుగాలికి మాడిపోతుంటాయి, భూమి వైపున్నవి పెరుగుతుంటాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగి చెట్టు ఒక పక్కకు ఒరిగి, దువ్వినట్టు తయారవుతుంది. మాడిన కొమ్మలు కూడా కర్ర గట్టిది కావడంతో తొందరగా కుళ్లిపోవు, వెండిలా తెల్లబడి చెట్టుకే ఉండిపోతాయి. బోన్సాయ్ వాళ్లు వెర్రెత్తిపోయేది ఆ రూపానికే. గాలి, ఉప్పు, ఎండ కలిసి ఏళ్లకు ఏళ్లు చేసిన పని అది, మనం వైరు చుట్టి రెండేళ్లలో చేసేది కాదు.

అయితే ఇది మడ చెట్టేనా?

సగం అవును. మడ అడవులు ఉన్నచోట వాటి వెనక, కాస్త ఎత్తైన పొడి అంచున ఉంటుంది. బురదలో నిలబడదు, ఊపిరి వేర్లు ఉండవు. కొందరు శాస్త్రవేత్తలు మడ జాతుల్లో కలుపుతారు, కొందరు మడకు తోడుగా ఉండేదంటారు.

మన వైపు దీనికి చుట్టాలు ఉన్నాయన్నారు, ఏవి?

ఉన్నాయి, మీ పెరట్లోనే ఉన్నాయి! గోరింట ఒకటి. దానిమ్మ ఒకటి. చలికాలంలో బజార్లో నల్లగా కొమ్ములతో కనిపించే సింఘాడా, చెరువు నీళ్ల మీద తేలే తీగకు కాసేది, అది కూడా ఈ కుటుంబమే. ములుగు, ఏటూరునాగారం అడవుల్లో తెల్లగా పూసే చెన్నంగి, గుట్టల వాలున ఎర్రెర్రని పూలతో ఉండే ధాతకి, కోరింగ మడ అడవుల్లో బురదలోంచి మేకుల్లా ఊపిరి వేర్లు పైకి పొడుచుకొచ్చే సొన్నరేషియా, ఇవన్నీ లిథ్రేసీ అనే ఒకే కుటుంబం వాళ్లు.

ఒక తల్లి పిల్లల్లో ఒకరు చెరువులో, ఒకరు గుట్ట మీద, ఒకరు సముద్రపు బండ మీద, ఒకరు ఆడపిల్లల అరచేతుల్లో. నేను ఈ చెట్టు మీద మనసు పారేసుకున్నది నిజానికి ఇక్కడే. ఆషాఢంలో గోరింటాకు కోస్తూ పువ్వు దగ్గరగా చూసినప్పుడు ముడతల రేకులు కనిపిస్తాయి, దానిమ్మ పువ్వు రేకులూ నలిగిన కాగితంలా ఉంటాయి, పెంఫిస్ పువ్వు ఫొటో పక్కన పెట్టి చూడండి, పోలిక మీకే తెలుస్తుంది.

ఇంకో మాట. బడి ఆవరణల్లో మనం రాళ్లు కొట్టి కాయలు తిన్న బాదం చెట్టు కూడా అసలు సముద్రపు ఒడ్డుదే, కాయ నీళ్ల మీద తేలి దీవి నుంచి దీవికి పోతుంది. గంగరావి కూడా అంతే. వేరే కుటుంబాలవి అయినా ఉప్పు ఒడ్డు నుంచి వచ్చి వరంగల్ వీధుల్లో హాయిగా స్థిరపడ్డాయి. పెంఫిస్ అలా రాలేదు, ఎందుకో కింద చెప్తాను.

పువ్వులో ఏదో ప్రత్యేకత ఉందట?

ఉంది. ఈ జాతిలో చెట్లు రెండు రకాలు. ఒక చెట్టు పూలన్నిటిలో కీలం, అంటే పువ్వు మధ్యలోని ఆడ భాగపు కాడ, పొడవుగా పైకి వచ్చి ఉంటుంది, పుప్పొడి ఉండే కేసరాలు కింద ఉంటాయి. పక్క చెట్టులో తిరగబడి, కీలం పొట్టి, కేసరాలు పొడవు. పురుగు ఒక చెట్టు మీద వాలినప్పుడు పుప్పొడి దాని ఒంటికి ఏ ఎత్తులో అంటుతుందో, రెండో రకం చెట్టులో కీలాగ్రం, అంటే ఆ కాడ కొస, సరిగ్గా అదే ఎత్తులో తగులుతుంది. సొంత పుప్పొడితో కాకుండా ఎదుటి చెట్టు పుప్పొడితో గింజ కట్టేలా చేసుకున్న ఏర్పాటు ఇది. ఇదే కుటుంబంలోని లిథ్రమ్ అనే మొక్కలో రెండు కాదు, మూడు రకాలుంటాయి, డార్విన్ 1860లలో వాటి ముందు కూర్చుని ఒక్కో పువ్వుకు చేత్తో పుప్పొడి అద్ది లెక్కలు తీశాడు.

మిద్దె మీద ఒక్క మొక్క ఉంటే గింజలు సరిగ్గా రాకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు, జంట ఉండాలి, అదీ వేరే రకం జంట.

కర్ర అంత గట్టిదా?

చాలా గట్టిది, బరువు. మన దగ్గర రోకలికి చండ్ర కర్ర ఎలాగో దీవుల వాళ్లకు ఇది అలాగ. పసిఫిక్ దీవుల్లో కొబ్బరికాయ డొక్క ఒలిచే గుంజలకు, పనిముట్ల పిడులకు, ఒకప్పుడు ఆయుధాలకు వాడారు. ఇనుము దొరకని చోట ఇలాంటి కర్రే ఇనుము. ఇప్పుడు ఆ అవసరం తగ్గింది, అందం కోసం పట్టుకుపోయేవాళ్లు ఎక్కువయ్యారు.

ఆన్‌లైన్‌లో పాత పెంఫిస్ మొద్దులు అమ్ముతున్నారు, కొనొచ్చా?

వద్దు. దయచేసి వద్దు. నేను కొన్నాను, అందుకే చెప్తున్నాను.

2019 డిసెంబర్లో ఆన్‌లైన్లో ఒక అమ్మకందారు దగ్గర 6,500 రూపాయలు పెట్టి తెప్పించుకున్నాను. ఫొటోలో మణికట్టు మందం మొదలు, మీద తెల్లబడిన కొమ్మలు, ఎంత అందంగా ఉందో చెప్పలేను. ‘నర్సరీలో పెంచినదేనా’ అని అడిగితే అవునన్నారు. పార్శిల్ విప్పితే వేర్లు రంపంతో కోసి ఉన్నాయి, పిడికెడు పీచు వేర్లు తప్ప ఏమీ లేవు, రెండు వేర్ల మధ్య తెల్లటి పగడపు రాయి ముక్క ఇరుక్కుని ఉంది. నర్సరీ కుండీలోకి పగడపు రాయి ఎలా వస్తుంది? అది చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది, ఏ బండ మీదనో బతుకుతున్నదాన్ని పలుగుతో పెకిలించి తెచ్చారని.

అయినా ఎలాగైనా బతికించుకోవాలని చూశాను. నెల రోజులు ఆకు పచ్చగానే ఉంది, రెండు చిగుళ్లు కూడా వేసింది. మనకు తెలిసిందే కదా, నరికిన మునగ కొమ్మ గోడకు ఆనించినా చిగురేస్తుంది, లోపల దాచుకున్న బలం అయిపోయేదాకా. జనవరి చలికి ఆకులు రాలడం మొదలైంది. సముద్రపు చెట్టు కదా, ఉప్పు తగ్గిందేమో అని టెన్షన్ పడి నేనే నీళ్లలో ఉప్పు కలిపి పోశాను, అంతకంటే పెద్ద తప్పు లేదు, వేర్లు లేని చెట్టుకు మిగిలిన ఆ కాసిన్ని పీచు వేర్లనూ కాల్చేశాను. ఏప్రిల్లో బెరడు గోకి చూస్తే లోపల గోధుమ రంగు. మొద్దు పారేశాను. పగడపు రాయి ముక్క ఇప్పటికీ నా టేబుల్ మీద ఉంది, ఏటా మొదటి క్లాసుకు తీసుకెళ్తాను.

డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఆ చెట్టు నా కోసం చచ్చిపోయింది. నేను కొనకపోతే తవ్వేవాడికి పని ఉండేది కాదు.

చట్టం సంగతి కూడా చూడండి. జాతీయ పార్కు నుంచి చెట్టు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విదేశాల నుంచి తెప్పించాలంటే 2003 మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా దిగుమతి అనుమతి, ఆ దేశపు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ‘బట్టలని రాసి పంపిస్తాం సార్, ఏం కాదు’ అనేవాళ్లను నమ్మకండి, వాళ్లు దాచుతున్నది కాగితం ఒక్కటే కాదు, తెగుళ్లు కూడా ఆ పార్శిల్లో వస్తాయి.

తవ్వి తెచ్చినదని ఎలా గుర్తుపట్టాలి?

మొదలు లావుగా ఉండి, వేర్లు తక్కువగా, అడ్డంగా కోసినట్టు ఉంటే అనుమానించండి. కుండీ మట్టికీ వేర్లకు అంటిన మట్టికీ పొంతన లేకపోతే అనుమానించండి. ఇది మెల్లగా పెరిగే చెట్టు, వేలెడు మందం రావడానికే ఏళ్లు పడుతుంది, అలాంటప్పుడు ఒకే అమ్మకందారు దగ్గర పది లావుపాటి మొద్దులు ఒకేసారి ఉన్నాయంటే అవి ఎక్కడివో అడగక్కర్లేదు. నిజంగా పెంచేవాళ్ల దగ్గర పెన్సిల్ మందం మొక్కలుంటాయి, అంటు కట్టిన తల్లి చెట్టును చూపిస్తారు, చూపించడానికి సంతోషపడతారు కూడా. ఇప్పుడు నా దగ్గరున్నది హైదరాబాద్‌లో ఒక బోన్సాయ్ అభిమాని తన చెట్టు నుంచి తీసిన అంటు. 400 రూపాయలు. అయిదో ఏడు నడుస్తోంది, ఇంకా చూపుడు వేలంత మందమే.

వరంగల్ ఎండకు తట్టుకుంటుందా?

ఎండకు తట్టుకుంటుంది, పొడిగాలికి దాహమేస్తుంది. ఎండ దీనికి ప్రాణం, రోజుకు ఆరేడు గంటలు నేరుగా తగలాలి, వరండా నీడలో పెడితే కొమ్మలు సాగి బలహీనపడతాయి. కానీ సముద్రం దగ్గర గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది, మన దగ్గర మే నెలలో 43, 44 డిగ్రీల వేడిలో గాలి ఎండుగడ్డిలా ఉంటుంది. చిన్న కుండీ అయితే పొద్దున, సాయంత్రం రెండుసార్లూ నీళ్లు పడాల్సిందే. వేసవి సెలవులకు ఊరెళ్లేవాళ్లు ఎవరికైనా అప్పజెప్పి వెళ్లండి, తులసి వాడితే నీళ్లు పోయగానే లేస్తుంది, ఇది ఒక్కసారి పూర్తిగా ఎండితే లేవదు.

అసలు శత్రువు చలి. డిసెంబర్, జనవరిలో రాత్రి 12, 13 డిగ్రీలకు దిగినప్పుడు పెరుగుదల ఆగిపోతుంది, ఆకులు కొన్ని ఎర్రబడి రాలతాయి. ఆ రెండు నెలలు దక్షిణం నుంచి ఎండ పడే గోడకు ఆనించి పెట్టండి, పగలంతా ఎండకు కాగిన గోడ రాత్రి వేడి వదులుతుంది. నీళ్లు తగ్గించండి, కుండీ మార్చడం, కత్తిరించడం వద్దు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రుళ్లు 5 డిగ్రీల దగ్గరికి పడిపోయే రోజులుంటాయి, అక్కడివాళ్లు చీకటి పడగానే ఇంట్లోకి తెచ్చుకోవాలి, రోజూ ఎత్తి దించే ఓపిక ఉంటేనే పెట్టుకోండి.

వారానికోసారి ఉప్పు నీళ్లు పోయాలా?

అక్కర్లేదు. పైన నా కథ చదివారు కదా. ఇది ఉప్పును ఓర్చుకునే చెట్టు, ఉప్పు కావాలని అడిగే చెట్టు కాదు.

మరి మంచినీళ్లలో కూడా బతికేటప్పుడు లోపలి నేలల్లో ఎందుకు పెరగదు అని అడగాలి మీరు. మంచి నేలలో దానికంటే తొందరగా పెరిగే చెట్లు వంద ఉంటాయి, నాలుగేళ్లలో దీని మీద నీడ కమ్మేస్తాయి, నీడలో ఇది నిలబడలేదు. ఉప్పు బండ మీద పోటీకి ఎవరూ రారు. కష్టమైన చోటును ఓర్చుకోవడమే దీని బతుకుదెరువు. బాదం, గంగరావి మంచి నేలలో కూడా ఏపుగా పెరిగి పోటీలో నిలుస్తాయి, మనుషులు తెచ్చి నాటితే ఎక్కడైనా నిలదొక్కుకున్నాయి. పెంఫిస్‌కు ఆ దూకుడు లేదు.

మన బోరు నీళ్లు గట్టివి, బకెట్లకు తెల్లగా సున్నం పేరుకుంటుంది, దానికి భయపడకండి. సున్నపురాయి మీద పెరిగే చెట్టుకు అది ఇబ్బంది కాదు.

మట్టి ఏది వాడాలి?

నీళ్లు పోస్తే ఆగకుండా దిగిపోవాలి, అంతే సూత్రం. నేను వాడేది సగం దొడ్డిసుక, పావు వంతు నలగ్గొట్టిన ఇటుక ముక్కలు, పావు వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఎర్రమట్టి కలిపి. ఇసుకను ముందు కడగండి, మెత్తటి దుమ్ము పోవాలి. నల్లరేగడి అస్సలు వద్దు, వానాకాలంలో జిగటపడి వేర్లకు ఊపిరాడదు.

కుండీ మార్చడం జూన్‌లో, తొలకరి పడి గాలి చల్లబడ్డాక. వేర్లు ఒకేసారి సగానికి సగం కోసేయకండి, కొద్దికొద్దిగా తీయండి. దీనికి వేర్లు కదిలిస్తే అలగడం అలవాటు, నెల రోజులు ఏమీ చేయకుండా కూర్చుంటుంది, చచ్చిపోయిందనుకుని పీకేయకండి.

కొమ్మతో వస్తుందా, గింజతోనా?

రెండూ వస్తాయి, రెండూ ఓపిక పనులే. జులై, ఆగస్టులో ముదిరీ ముదరని కొమ్మ ముక్కలు తీసి కడిగిన ఇసుకలో గుచ్చి, పైన కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించి తేమ పట్టి ఉంచండి. పదింటిలో రెండు మూడు నిలబడితే మీ చెయ్యి మంచిదనే అర్థం. గాలి అంటు ఇంకా నమ్మకం: కొమ్మకు వేలెడు వెడల్పున బెరడు వలిచి, తడి కొబ్బరిపొట్టు చుట్టి కవరు కట్టండి, దానిమ్మకు, జామకు కట్టినట్టే.

గింజలు చిన్నవి, కాయ పైన మూతలాంటిది ఊడితే బయటికి వస్తాయి. సముద్రంలో తేలిపోయి వేరే ఒడ్డున మొలిచే గింజలివి. ఇసుక మీద పైపైనే చల్లి తడి ఆరకుండా చూడండి, లోతుగా పాతితే రావు.

పొలంలో, చెరువు గట్టు మీద, ఊరంతా మొక్కలు నాటే కార్యక్రమాల్లో నాటొచ్చా?

పొలంలో సరదాకు ఒకటి పెట్టుకుంటానంటే చెల్క భూమిలో, నీడ పడని ఎత్తు జాగాలో పెట్టి చూడండి. ఊరంతా నాటే కార్యక్రమాలకు మాత్రం అడగకండి. 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచి మా కాలేజీ పిల్లలతో నాటిస్తున్నాను, నేను చెప్పేది ఒకటే, కానుగ, చింత, నేరేడు, మద్ది, రావి. పిట్టలకు, తేనెటీగలకు, పశువులకు పనికొచ్చేవి అవి. పెంఫిస్ ఇక్కడ అతిథి.

ఆకులు తినొచ్చా? మందుకు పనికొస్తుందా?

కొన్ని దీవుల్లో పులుపు కోసం ఆకు తింటారు, విషం కాదు. మనకు చింతచిగురు, గోంగూర ఉండగా దీని అవసరం లేదు, పైగా నర్సరీ మొక్కల మీద మందులు కొట్టి ఉంటారు. షుగర్‌కు, కీళ్లనొప్పులకు అని ఎవరైనా అమ్మితే కొనకండి.

ఇది దొరకలేదు, అలాంటి బోన్సాయ్ మన చెట్లతో చేయలేమా?

చేయొచ్చు, బాగా చేయొచ్చు. దీని చుట్టాలతోనే మొదలుపెట్టండి. గోరింట ఆకు చిన్నది, కత్తిరిస్తే ఒత్తుగా చిగురేస్తుంది, కర్ర గట్టిది, కంచెలకు వేసి పాతబడ్డాక పీకేసే గోరింట మొద్దులు మన ఊళ్లలో ఉచితంగా దొరుకుతాయి. దానిమ్మ మొదలు తాడులా మెలి తిరుగుతుంది, పూత ఎర్రగా, చిన్న కాయలు కూడా కాస్తుంది. చుట్టం కాకపోయినా చింత గురించి చెప్పక్కర్లేదు, గింజ వేసిన ఏడాదికే కుండీలో చెట్టులా కనిపిస్తుంది, మన ఎండకు అలవాటు పడిందే కాబట్టి వేసవిలో గుండె దడ ఉండదు. నా గోరింట బోన్సాయ్ వయసు తొమ్మిదేళ్లు, పెంఫిస్ కంటే దాన్ని చూసి మెచ్చుకునేవాళ్లే ఎక్కువ.

మా అబ్బాయి రామేశ్వరం వెళ్తున్నాడు, ఒక చిన్న కొమ్మ తెమ్మని చెప్పమంటారా?

వద్దమ్మా. పైన చెప్పిన మన్నార్ దీవులు జాతీయ పార్కులోవి, కొమ్మైనా గింజైనా తేకూడదు, అనుమతి లేకుండా దిగకూడదు కూడా. రామేశ్వరం దగ్గరి మండపం ఊరి వైపు ఒడ్డున నడిచేటప్పుడు ఎక్కడైనా బూడిదపచ్చ పొద, ముడతల తెల్లపువ్వు కనబడితే దగ్గరగా ఫొటో తీయమనండి, పువ్వు మధ్యలో కీలం పైకి ఉందా, కేసరాలు పైకి ఉన్నాయా తెలిసేలా. పక్కన ఇంకో పొద ఉంటే దాని పువ్వూ తీయమనండి. నా దగ్గరున్నది పొడవు కీలం రకం, రెండో రకం పువ్వు ఫొటో క్లాసులో చూపించడానికి నాకు కావాలి.